ముందు తూకం, తర్వాతే బేరం



ఈ రోజు పాత నాణేల గురించి మాట్లాడుకుందాం. మన కాసులు, వరహాలు కాదు. యూరప్ దేశాల వెండి నాణేలు. సుమారు 1480 నుంచి 1800 దాకా చెలామణిలో ఉన్నవి. ఇక్కడ విజయనగరం, గోల్కొండ, ఆ తర్వాత నిజాములు ఏలిన కాలమన్నమాట. ఆ రోజుల్లో అక్కడ చేతులు మారిన పెద్ద పెద్ద వెండి బిళ్లల సంగతి ఇది.

అవన్నీ మ్యూజియంలో ఉండే వస్తువులు కదా, మనకెందుకు అని మీరు అడగొచ్చు. కొన్ని నిజంగానే మ్యూజియం వస్తువులు. వాటి జోలికి మనం పోలేం. కానీ ఆ మూడు వందల ఏళ్లలో వెండి నాణేలు కోట్లలో అచ్చయ్యాయి. కరిగిపోయినవి పోగా మిగిలినవి కూడా చాలానే ఉన్నాయి. నెల జీతం మీద బతికేవాళ్లు కూడా ఆశపడి, ఆగి, ఒకటో రెండో కొనుక్కోగలిగినవి వాటిలో ఉన్నాయి. నాణేల ప్రదర్శనల్లో కనిపిస్తాయి. వేలం పాటల్లో వస్తాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకైతే దగ్గరి ఊళ్లోని నాణేల దుకాణంలోనే దొరకొచ్చు.

చిక్కల్లా ఒకటే. అసలైనవి దొరికే చోటే నకిలీలూ దొరుకుతాయి. అవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఒక్కోసారి అసలైన వాటికంటే ముచ్చటగా ఉంటాయి.

అందుకే ఈ ప్రసంగంలో మీకు చెప్పదలుచుకున్నది ఒకే ఒక్క మాట. ముందు తూకం, తర్వాతే బేరం. పాత వెండి నాణెం కొనాలనుకునేవాళ్లు బొమ్మ చూసి మురిసిపోకముందే దాన్ని తూచాలి. ఎందుకు తూచాలి, ఎలా తూచాలి, తూకంలో తేడా వస్తే ఏమనుకోవాలి. ఈ మూడూ చెప్పుకుందాం.

ముందు, ఎందుకు తూచాలో చూద్దాం.

మీ ఇంట్లో పాత వెండి పట్టీలు ఉన్నాయనుకోండి. మార్చి కొత్తవి తీసుకుందామని వెండి కొట్టుకు వెళ్లారు. షావుకారు ఏం చేస్తాడు? ఎంత మంచి పనితనమో, ఎన్ని మువ్వలున్నాయో చూడడు. ముందు కాటా మీద పడేస్తాడు. ఎన్ని గ్రాములు? ఆ తర్వాత, అందులో వెండి ఎంత, రాగి ఎంత? అంతే. మిగతా మాటలన్నీ దాని తర్వాతే.

ఆ కాలపు యూరప్ నాణెం కూడా సరిగ్గా అలాంటిదే. ఇవాళ మన జేబులో ఉన్న పది రూపాయల బిళ్లలో పది రూపాయల లోహం ఉండదు. ప్రభుత్వం పది అంటే పది. అప్పుడలా కాదు. నాణెం విలువ చాలావరకు అందులోని వెండిదే. రాజు బొమ్మ, పేరు, రాజచిహ్నం, ఇవన్నీ పూచీ మాత్రమే. ఇందులో ఇంత వెండి ఉంది, నాదీ హామీ, అని ఆయన వేసిన ముద్ర. కాబట్టి ప్రతి నాణేనికీ ఒక నిర్ణీతమైన బరువు ఉండేది. ఆ బరువు చట్టంలో రాసి ఉండేది. ఇవాళ మనకు అదే పనికొస్తుంది. ఏ నాణెం ఎంత తూగాలో ముందే తెలుసు. పక్కన పెట్టి పోల్చుకోవడమే మన పని.

ఈ పెద్ద వెండి నాణేలు ఎక్కడ మొదలయ్యాయో రెండు మాటల్లో చెప్తాను.

ఇప్పటి ఆస్ట్రియాలో టిరోల్ అని ఒక కొండ ప్రాంతం ఉంది. అక్కడ ష్వాజ్ అనే ఊళ్లో గొప్ప వెండి గనులు ఉండేవి. బంగారానికి మాత్రం కరువు. ఆ ప్రాంతాన్ని ఏలిన సిగిస్మండ్ ప్రభువు ఒక ఉపాయం ఆలోచించాడు. ఒక బంగారు నాణెం విలువకు సరిపడేంత పెద్ద వెండి నాణెం వేయిస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1486లో హాల్ అనే ఊరి టంకశాలలో అలాగే వేయించాడు. ఒక్కొక్కటి దాదాపు 32 గ్రాములు. ఒకవైపు కవచం తొడుక్కుని నిలబడ్డ ప్రభువు. మరోవైపు గుర్రం మీద యోధుడు, చుట్టూ వరసగా ఆయన రాజ్యాల చిహ్నాలు.

తర్వాత బొహీమియా వంతు వచ్చింది. ఇప్పటి చెక్ దేశం. అక్కడ యోకిమ్‌స్టాల్ అనే లోయలో వెండి పడింది. ఆ లోయ ష్లిక్ అనే జమీందారీ వంశానిది. 1520 ప్రాంతం నుంచి వాళ్లు తమ వెండితో పెద్ద నాణేలు వేయించడం మొదలుపెట్టారు. ఒకవైపు సెయింట్ యోకిమ్ బొమ్మ, మరోవైపు బొహీమియా సింహం. వీటినే థాలర్లు అన్నారు. వీటిని చూసి జర్మన్ రాజ్యాలన్నీ థాలర్లు వేయడం మొదలుపెట్టాయి. ఎవరి ఇష్టం వాళ్లది కాకుండా 1566లో ఒక కట్టుబాటు చేశారు. కొలోన్ మార్క్ అనేది అప్పటి తూకపు కొలత; ఒక మార్క్ స్వచ్ఛమైన వెండి తీసుకుంటే అందులోంచి తొమ్మిది థాలర్లు రావాలి. ఒక్కో థాలర్‌లో దాదాపు 26 గ్రాముల స్వచ్ఛమైన వెండి. రాగితో కలిపి మొత్తం తూకం 29 గ్రాముల పైచిలుకు.

మన పది రూపాయల నాణెం 7.7 గ్రాములు ఉంటుంది. అంటే ఒక థాలర్ దానికి మూడున్నర రెట్ల పైనే. అరచేతిలో పెట్టుకుంటే ఆ బరువు తెలుస్తుంది.

ఇక స్పెయిన్. దక్షిణ అమెరికాలో పొటోసి అనే కొండ ఉంది. 1545లో అక్కడ వెండి బయటపడింది. ప్రపంచంలో అంత వెండి ఒక్కచోట అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ వెండితోనూ, మెక్సికో వెండితోనూ స్పెయిన్ రాజులు ఎనిమిది రియాళ్ల నాణెం వేయించారు. తూకం 27 గ్రాముల పైన. ప్రపంచమంతా తిరిగిన నాణెం ఏదైనా ఉందంటే అది ఇదే. డచ్చివాళ్లకు డుకటూన్ అని ఒకటి ఉండేది. 1659 నుంచి వేశారు. కత్తి ఎత్తిన గుర్రపు రౌతు బొమ్మ. అది 32 గ్రాములు దాటుతుంది.

ఈ అంకెలన్నీ ఇప్పుడే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంటే చాలు. ప్రతి నాణేనికీ ఒక బరువు ఉంది. అది పుస్తకాల్లో రాసి ఉంది. కొనే ముందు చూసుకోవాలి. ముందు తూకం, తర్వాతే బేరం.

ఇందులో మనకు సంబంధించిన ముక్క కూడా ఒకటుంది.

డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్నం చేరారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. ఇద్దరికీ కావలసింది మన నేత బట్ట. కోరమాండల్ తీరంలో నేసిన తెల్లబట్ట, అద్దకం బట్ట. బదులుగా వాళ్ల దగ్గర మనకు నచ్చే సరుకు పెద్దగా లేదు. అందుకని వెండీ బంగారం తెచ్చారు. వాళ్ల ఓడల్లో పెట్టెలకు పెట్టెలు వెండి వచ్చింది. ఆ వెండి ఒడ్డుకు దిగగానే షరాబుల చేతికి వెళ్లేది. షరాబు అంటే నాణెం నాణ్యం చూసి మారకం కట్టే మనిషి. స్పెయిన్ రాజు బొమ్మైనా, డచ్చి రౌతు బొమ్మైనా ఆయనకు ఒకటే. తూచేవాడు. నాణ్యం చూసేవాడు. లెక్క కట్టేవాడు. ఆ తర్వాత ఆ వెండిలో చాలా భాగం టంకశాలల్లో కరిగి రూపాయలుగా మారింది.

అందుకే ఇంత వెండి వచ్చినా, ఆ నాణేలు నాణేలుగా మన దగ్గర మిగిలినవి తక్కువ. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఇల్లు తవ్వుతుంటే బిందె దొరికింది, అందులో యూరప్ నాణేలున్నాయి, చవగ్గా ఇస్తాం అని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అవి నకిలీలయ్యే అవకాశమే ఎక్కువ. రెండు, నిజంగా నేలలో దొరికినవే అయితే ఆ వ్యవహారం ఇంకా ప్రమాదం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచుకోవడం, గుట్టుగా అమ్మడం నేరం. కాబట్టి బిందె కథ వినిపిస్తే కొనకండి. వచ్చిన దారినే పంపించేయండి.

సరే, తూకంలో తేడా వస్తే ఏమనుకోవాలి? వెంటనే నకిలీ అనేయవచ్చా? తొందరపడకూడదు. తక్కువ తూగే అసలు నాణేలు కూడా ఉన్నాయి. దానికి కారణాలున్నాయి.

మొదటి కారణం దొంగతనం. ఆ రోజుల్లో నాణేలు సుత్తితో కొట్టి వేసేవాళ్లు. వెండి బిళ్లను కింది అచ్చు మీద పెట్టి, పైన ఇంకో అచ్చు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. ఒకటి కాస్త గుండ్రంగా, ఒకటి కాస్త వంకరగా వచ్చేది. అంచు సమంగా ఉండేది కాదు. ఇంకేం, కత్తెర పట్టినవాడిదే రాజ్యం. చేతికి వచ్చిన ప్రతి నాణెం అంచునా సన్నటి పీలిక కత్తిరించి, నాణేన్ని మళ్లీ బజారులో పూర్తి విలువకు మార్చేవాళ్లు. పీలికలు కరిగించి వెండిగా అమ్ముకునేవాళ్లు. ఇంగ్లండులో ఇది రాజద్రోహం. ఉరి తీసేవాళ్లు. అయినా ఆగలేదు. 1690ల నాటికి అక్కడి పాత నాణేల్లో చాలావాటికి దాదాపు సగం వెండే మిగిలింది.

చివరికి 1696లో పాత నాణేలన్నీ వెనక్కి తీసుకుని కరిగించి కొత్తవి వేయాలని ఇంగ్లండు నిర్ణయించింది. అదే ఏడు లండన్ టంకశాలకు వార్డెన్‌గా వచ్చిన మనిషి మీకు తెలిసినవాడే. ఐజక్ న్యూటన్. పేరుకు పదవి తీసుకుని ఇంట్లో కూర్చోలేదు ఆయన. దొంగ నాణేల వాళ్లను తానే వెంటపడి పట్టించాడు. వాళ్లలో ఘటికుడు విలియం చాలనర్‌ని 1699లో ఉరి తీశారు.

కత్తెరకు అసలు మందు మాత్రం యంత్రం. 1662 నుంచి ఇంగ్లండులో యంత్రంతో వేసిన పెద్ద నాణేలు వచ్చాయి. అవి గుండ్రంగా, సమంగా ఉంటాయి. పైగా అంచు మీద కూడా అక్షరాలు చెక్కారు. అలంకారమూ, రక్షణా అని అర్థం వచ్చే లాటిన్ మాటలు అవి. అంచు కత్తిరిస్తే అక్షరం పోతుంది. అక్షరం పోతే దొంగ దొరికిపోతాడు. ఎంత చక్కటి ఉపాయం!

కాబట్టి సుత్తితో కొట్టిన నాణెం తక్కువ తూగితే అంచు చూడండి. చుట్టూ ఉన్న రాతలో అక్షరాల పైభాగం ఎగిరిపోయిందా? కోత తిన్నగా ఉందా? అయితే అది కత్తెర దెబ్బ. నాణెం అసలుదే కావచ్చు. ధర మాత్రం తగ్గాలి.

రెండో కారణం అరుగుదల. వందేళ్లు చేతులు మారితే వెండి అరుగుతుంది. అలాంటప్పుడు బొమ్మ కూడా అరిగి ఉండాలి. బొమ్మ కొత్తగా, ముక్కూ కళ్లూ స్పష్టంగా ఉండి, బరువు మాత్రం రెండు మూడు గ్రాములు తగ్గిందా? అప్పుడు అనుమానించాలి.

మూడో కారణం సముద్రం. 1622లో ఆతోచా అనే స్పెయిన్ ఓడ ఫ్లారిడా దగ్గర మునిగింది. 1743లో హాలండియా అనే డచ్చి ఓడ, తూర్పు దేశాలకు వెండి తీసుకొస్తూ ఇంగ్లండు పక్కనున్న సిల్లీ దీవుల దగ్గర మునిగింది. రెండిటి వెండినీ ఈ యాభై అరవై ఏళ్లలో పైకి తీశారు. ఆ నాణేలు సేకరించేవాళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఉప్పునీళ్లు వెండిని తినేస్తాయి. పైభాగం గుంటలు గుంటలుగా ఉంటుంది. వాటి బరువు చాలా తగ్గిపోయి ఉండొచ్చు. ఓడ నాణెం అని అమ్మితే దానికి తగిన పత్రం అడగాలి. పత్రం లేకపోతే ఓడ కథకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఇంతవరకు బరువు తగ్గిన నాణేల సంగతి. బరువు సరిపోయి, వెండి సరిపోకపోతే?

అలాంటి మోసం ఒకటి పొటోసి టంకశాలలోనే జరిగింది. అదీ లోపలివాళ్ల చేతుల మీదుగా. ప్రతి నాణెం మీదా నాణ్యం పరీక్షించే అధికారి తన పేరులోని ఒక అక్షరం వేయాలి. వెండికి ఆయన పూచీ. 1640ల్లో ఆ అధికారి, వెండి సరఫరా చేసే వర్తకుడు కలిసి వెండిలో రాగి పాలు పెంచేశారు. బొమ్మ సరిగ్గానే ఉంది. అక్షరం సరిగ్గానే ఉంది. లోపల వెండి తక్కువ. యూరప్‌లో వర్తకులు పొటోసి నాణెం అంటే తీసుకోవడం మానేశారు. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ విచారణకు మనిషిని పంపించాడు. వర్తకుడు రోచాకూ, అధికారి రమీరెజ్‌కూ మరణశిక్ష పడింది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి 1652లో నాణెం బొమ్మే మార్చేశారు. రెండు స్తంభాలు, కింద సముద్రపు అలలు.

అంటే మామూలు తూకం ఒక్కటే సరిపోదు. నీళ్లలో తూకం కూడా కావాలి. ఇది వినడానికి పెద్ద ప్రయోగంలా ఉంటుంది కానీ వంటింట్లో చేసుకోవచ్చు. నిదానంగా చెప్తాను, వినండి.

దీనికి ఒక నాణేన్ని ఉదాహరణగా తీసుకుందాం. మరియా థెరీసా థాలర్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి నాణెం లేదు. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా 1780లో చనిపోయింది. ఆమె నాణెం మాత్రం ఎర్రసముద్రం చుట్టుపక్కల దేశాల్లో, ఇథియోపియాలో, యెమెన్‌లో ఎంత నమ్మకం సంపాదించిందంటే, వేరే నాణెం ఇస్తే జనం తీసుకునేవాళ్లు కాదు. అందుకని ఆమె పోయాక కూడా అదే బొమ్మతో, అదే 1780 సంవత్సరంతో వేస్తూనే వచ్చారు. వియన్నాలో వేశారు. లండన్‌లో వేశారు. 1940, 41ల్లో మన బొంబాయి టంకశాలలోనూ వేశారు. బొంబాయిలో వేసినదాని మీదా 1780 అనే ఉంటుంది.

ఈ నాణేన్ని దగ్గరగా చూస్తే బొమ్మవైపు మహారాణి, తల మీద విధవ ముసుగు. భుజం మీద ముత్యాలు పొదిగిన పతకం. కొన్నిచోట్ల బజారులో జనం ఆ ముత్యాలు లెక్కపెట్టి గానీ తీసుకునేవాళ్లు కాదు. బొరుసువైపు రెండు తలల గద్ద. అంచు మీద ఉబ్బెత్తు అక్షరాలు. న్యాయము, దయ అని ఆమె ఆదర్శవాక్యం. తూకం 28.07 గ్రాములు. వెయ్యి పాళ్లలో 833 పాళ్లు వెండి, మిగతాది రాగి.

ఇప్పుడు నీళ్ల పరీక్ష. కావలసినవి ఒక చిన్న డిజిటల్ కాటా, ఒక తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసు, ఒక సన్నటి దారం. కాటా గ్రాములో నూరో వంతు దాకా చూపించాలి. అలాంటివి ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే వస్తున్నాయి. గ్లాసూ నీళ్లూ కలిపి ఆ కాటా మోయగలిగినంతే ఉండాలి.

ముందు నాణేన్ని పొడిగా తూచండి. 28.07. కాగితం మీద రాసుకోండి.

తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టండి. కాటాను మళ్లీ సున్నాకు తెచ్చే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కండి. అంకె సున్నా అవుతుంది.

ఇప్పుడు నాణేనికి దారం కట్టి, దారం చేత్తో పట్టుకుని, నాణేన్ని నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి. అడుగు తగలకూడదు. పక్కలు తగలకూడదు. నీళ్లలో వేలాడుతూ ఉండాలి. గాలి బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి వదిలించండి. కాటా మీద ఒక అంకె కనిపిస్తుంది. అది నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. అసలైన మరియా థెరీసా థాలర్‌కు అది 2.75 దగ్గర వస్తుంది.

మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. 28.07ని 2.75తో భాగిస్తే 10.2 వస్తుంది. అంటే ఈ లోహం నీళ్లకంటే 10.2 రెట్లు బరువైనది. రాగి కలిసిన ఆ వెండికి సరిగ్గా అంతే రావాలి.

మళ్లీ ఒకసారి చెప్తాను. పొడి తూకం పైన. నీళ్ల తూకం కింద. భాగిస్తే పది దాటాలి. స్వచ్ఛమైన వెండికి 10.5. రాగికి తొమ్మిది కంటే కాస్త తక్కువ. ఇత్తడికి ఎనిమిదిన్నర చుట్టుపక్కల. సీసానికి 11.3. మీకు ఎనిమిదిన్నర వచ్చిందా? అది వెండి పూత పూసిన ఇత్తడి. పదకొండు దాటిందా? లోపల సీసం ఉంది. రెండూ వదిలేయాల్సినవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పరీక్షలో నాణెం తప్పితే, మనం సరిగ్గా తూచి ఉంటే, దాన్ని కొనకూడదు. కానీ నెగ్గినంత మాత్రాన అసలైనదని పూచీ లేదు. నిజమైన వెండితోనే నకిలీ పోత పోసేవాళ్లున్నారు. కాబట్టి నెగ్గిన నాణేన్ని భూతద్దంతో చూడండి. అచ్చులో పోసినదైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపించవచ్చు. బొమ్మకూ రాతకూ మధ్య ఖాళీ భాగం మీద చిన్న చిన్న పొక్కులు ఉండవచ్చు. అక్షరాల మూలలు మొద్దుబారి ఉంటాయి. సుత్తితోనో, యంత్రంతోనో కొట్టిన నాణెంలో అక్షరం మూల పదునుగా తెగి ఉంటుంది.

ఇంకో మాట. ఈ నీళ్ల పరీక్ష పెద్ద నాణేలకే. చిన్నవాటికి పనిచేయదు. ఉదాహరణకు పదహారో శతాబ్దపు హంగరీ దేనార్లు. మేరీమాత ఒడిలో బాల ఏసు, ఇరుపక్కలా కె, బి అనే రెండు అక్షరాలు. క్రెమ్నీత్సా అనే గని పట్నం టంకశాల గుర్తు అది. చాలావాటి మీద సంవత్సరం కూడా ఉంటుంది. అయిదు వందల ఏళ్ల నాటి నాణేల్లో అందరికీ అందుబాటులో ఉండేవి ఇవే. కానీ ఒక్కోటి అర గ్రాము మాత్రమే. అంత చిన్నదాన్ని నీళ్లలో తూస్తే మన కాటా చెప్పే అంకెను నమ్మలేం. అలాంటివి పేరున్న అమ్మకందారు దగ్గర, బిల్లుతో కొనుక్కోవడమే మేలు.

చిన్న నాణేల్లో వెండి తక్కువైనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు కూడా. 1619 నుంచి 1623 దాకా జర్మన్ రాజ్యాల్లో యుద్ధ ఖర్చుల కోసం ప్రభువులే చిల్లర నాణేల్లో రాగి కుమ్మరించారు. పైన వెండి మెరుగు, లోపల ఎర్రటి రాగి. ధరలు ఆకాశాన్నంటాయి. జనం అల్లాడిపోయారు. ఆ నాణేలు ఇవాళ ఎర్రగా కనిపించినా అసలైనవే.

ఇక నాణెం ఇంటికి వచ్చాక ఏం చేయాలి? ఏమీ చేయకండి. అదే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. నల్లబడిందని చింతపండుతో తోమకండి. విభూతితో రుద్దకండి. వెండి సామాన్లు తళతళలాడాలి గానీ పాత నాణెం తళతళలాడకూడదు. ఆ నల్లదనం ఏళ్ల తరబడి పట్టిన పొర. దాన్ని గీకేస్తే నాణెం విలువ సగానికి పడిపోవచ్చు. తెలిసినవాళ్లు దాన్ని చూడగానే తోమిన నాణెం అని పక్కన పెట్టేస్తారు. నీళ్ల పరీక్ష చేశాక కూడా మెత్తటి గుడ్డతో అద్దండి. రుద్దకండి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. కొన్నాళ్లకు ఆకుపచ్చ జిడ్డు దిగుతుంది. నాణేల కోసం చేసిన అట్ట చట్రాలు దొరుకుతాయి. అవి వాడండి. పక్కన ఒక కాగితం ముక్క పెట్టండి. ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, పొడి తూకం ఎంత, నీళ్ల తూకం ఎంత. రేపు మీ పిల్లలకు ఆ కాగితం చాలా అవసరం.

విదేశాల్లో ఉన్న పిల్లలకు కానుకగా పంపాలనుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మన దేశం నుంచి సొంతంగా బయటికి తీసుకెళ్లకూడదు. సూట్‌కేసులో పెట్టి పంపిస్తే విమానాశ్రయంలో ఇబ్బంది పడేది మీవాళ్లే.

ఏం సేకరించాలో కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. అన్నీ కొనేయాలని చూడకండి. ఒక గీత గీసుకోండి. ఒక్క రాణి నాణేలు. ఒక్క టంకశాల నాణేలు. లేదా మచిలీపట్నం, భీమునిపట్నం రేవులకు వచ్చిన డచ్చి కంపెనీ కాలపు నాణేలు. గీత చిన్నదైతే పుస్తకం త్వరగా వంటబడుతుంది. బరువులు నోటికి వస్తాయి. అప్పుడు మిమ్మల్ని మోసం చేయడం అమ్మేవాడికి కష్టమవుతుంది.

కాబట్టి శ్రోతలారా, మొదటి నాణెం కొనే ముందు మొదటి కాటా కొనండి. అసలు బరువు ఎంతో పుస్తకంలో చూసుకుని వెళ్లండి. అమ్మేవాళ్ల ఎదుటే తూచండి. మర్యాదస్తుడైన అమ్మకందారు దానికి అభ్యంతరం చెప్పడు. తూచనివ్వను అన్నాడా, ఎంత అందమైన నాణెమైనా సరే, అక్కడే పెట్టేసి వచ్చేయండి. ముందు తూకం, తర్వాతే బేరం.